కిడ్నీ పథ్యం: తినేది ఒకరు, నడిపేది ఇల్లంతా

మన వైపు ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే చూడటానికి వట్టి చేతులతో పోము. రెండు కొబ్బరి బోండాలో, డజను అరటిపళ్లో, కిలో బత్తాయిలో సంచిలో ఉండాల్సిందే. జ్వరం నుంచి లేచిన మనిషికి అవి మంచివే. కిడ్నీలు బాగా దెబ్బతిని రక్తంలో పొటాషియం పెరిగిన మనిషికి మాత్రం ఆ సంచిలో ఉన్నవన్నీ లెక్క చూసుకుని ముట్టాల్సినవే. తెచ్చినవాళ్లది ప్రేమే, అందులో అనుమానం లేదు. "చలవ చేస్తుంది, తాగు మావా" అని బోండాం కొట్టించి చేతికిస్తే వద్దనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

కనిగిరి, పామూరు వైపు కిడ్నీ జబ్బుల గురించి పత్రికల్లో ఏళ్లుగా వస్తూనే ఉంది. డయాలసిస్ కోసం ఒంగోలుకో నెల్లూరుకో తిరిగే కుటుంబాలకు మందులు, సూదుల కన్నా ఎక్కువ గందరగోళం తిండి దగ్గరే. డాక్టరు ఒకటి చెప్తారు, డయాలసిస్ సెంటర్లో పక్క మంచం మీదున్నాయన ఇంకోటి చెప్తాడు, బెంగళూరులో ఉన్న కొడుకు వాట్సాప్‌లో మూడోది పంపిస్తాడు. చివరికి పథ్యం తప్పితే "నోరు కట్టుకోలేకపోతున్నాడు" అనే మాట రోగి మీద పడుతుంది. నోటి సంగతి కొంత నిజమే. కానీ ఆ కంచంలోకి ఏం వస్తుందో తేల్చేది చాలా ఇళ్లలో ఆ మనిషి కాదు. చుట్టూ ఉన్నవాళ్ల తోడు పథ్యాన్ని ఎక్కడ నిలబెడుతుంది, ఎక్కడ చెడగొడుతుంది అన్నది కొంచెం విడమరిచి చూడాలి.

పథ్యంలో ఏ లెక్క దేనికి

పాడైన కిడ్నీ చేయలేని పనుల్లోంచే పథ్యం పుట్టింది. ఉప్పును, నీటిని, పొటాషియాన్ని, ఫాస్ఫరస్‌ను, మాంసకృత్తులు అరిగాక మిగిలే వ్యర్థాలను బయటికి పంపే పని కిడ్నీది. ఆ శక్తి తగ్గేకొద్దీ ఇవి ఒంట్లో పేరుకుంటాయి. నీరు చేరితే కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. ఫాస్ఫరస్ పెరిగితే దురదలు మొదలవుతాయి, ఎముకలు బలహీనపడతాయి. పొటాషియం అన్నిటికన్నా మోసకారి. పెద్దగా సూచన ఏమీ ఇవ్వకుండానే గుండె లయను దెబ్బతీస్తుంది.

ఈ ఐదు లెక్కలూ అందరికీ ఒకేలా ఉండవు. ఉప్పు తగ్గించడం దాదాపు అందరికీ వర్తిస్తుంది, రోజుకు 5 గ్రాములు దాటొద్దన్నది మామూలుగా చెప్పే హద్దు. నీటి హద్దు మూత్రం తగ్గిపోయినవాళ్లకే. అలాంటి వాళ్లకు రోజంతా వచ్చిన మూత్రం ఎంతో కొలిచి, దానికి సుమారు అర లీటరు కలిపి తాగమంటారు. పొటాషియం కట్టడి రక్త పరీక్షలో అది ఎక్కువగా కనపడినప్పుడు పెడతారు. అలాంటప్పుడు చాలామంది డాక్టర్లు రోజుకు 2,000 నుంచి 3,000 మిల్లీగ్రాముల లోపు ఉంచమంటారు. 300 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలోనే సుమారు 750 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక్క బోండాంతో ఆ రోజు కోటాలో పావు వంతో, మూడో వంతో అయిపోతుంది.

అంటే "కిడ్నీ పథ్యం" అని అందరికీ ఒకటే జాబితా ఉండదు. పక్కింటాయనకు వద్దన్నది మీ ఇంట్లో మనిషికి అవసరం కావచ్చు. చుట్టాల సలహాలు ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే.

తోడు ఎన్ని రకాలు

ఆరోగ్యం మీద పరిశోధన చేసేవాళ్లు మనిషికి దొరికే తోడును రెండు వైపుల నుంచి చూస్తారు. చుట్టూ ఎంతమంది ఉన్నారు, పెళ్లయిందా, ఎవరితో కలిసి ఉంటున్నారు అని లెక్క వేయడం ఒకటి. ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు అని చూడటం రెండోది. ఇంటినిండా జనం ఉండి ఒక్కరూ పట్టించుకోని ఇళ్లు మనకు తెలియనివి కావు. అందుకే రెండో కొలతే ఎక్కువ పనికొస్తుంది.

ఆ చేసే సాయాన్ని అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ హౌస్ 1981లో నాలుగు రకాలుగా విడదీశారు. మనసుకు ధైర్యం ఇవ్వడం, చేతులతో పని సాయం, సమాచారం చెప్పడం, చివరగా మనిషి చేస్తున్నది సరిగ్గా ఉందో లేదో మంచి మాటతో తెలియజెప్పడం. మన ఇళ్లలోకి తెచ్చుకుంటే, "ఏం కాదులే, నేనున్నా" అన్న భార్య మాట మొదటి రకం. పొటాషియం తగ్గాలని ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోసి విడిగా తాలింపు వేసే కోడలు చేసేది రెండోది. పొటాషియం కలిసిన లో సోడియం ఉప్పు వాడొద్దని చెప్పే నర్సు ఇచ్చేది మూడోది. "ఈసారి బరువు కిలోన్నరే పెరిగావు, బాగా పట్టుకొచ్చావు" అన్న టెక్నీషియన్ మాట నాలుగోది.

మొదటి రకానికి మన దగ్గర కొదవ లేదు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు ఎవరికోసమో ఆరోగ్య రొట్టె పట్టుకోవడానికి స్వర్ణాల చెరువులో దిగే జనాన్ని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. కొరత వచ్చేది రెండో, మూడో రకాల దగ్గర.

ఉప్పు ప్యాకెట్ చెప్పే లెక్క

నలుగురు పెద్దవాళ్లున్న ఇల్లు అనుకుందాం. అందులో ఒకరు డయాలసిస్ మీద ఉన్నారు, మూత్రం దాదాపు రావడం లేదు. ఆ ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ సరిగ్గా నెలకు అయిపోతోంది. వెయ్యి గ్రాములను 30 రోజులకు పంచితే రోజుకు 33 గ్రాములు. నలుగురికి పంచితే మనిషికి 8 గ్రాముల పైన. ఆవకాయ, అప్పడం, వడియం, సాయంత్రం టీ కొట్టు దగ్గర కొన్న మిక్చరు ఈ లెక్కలోకి రాలేదు. అందరూ 5 గ్రాముల లోపు తింటే అదే ప్యాకెట్ 50 రోజులు రావాలి.

శరీరం రక్తంలో ఉప్పు గాఢతను ఒకే స్థాయిలో ఉంచుకుంటుంది. 8 గ్రాముల ఉప్పు బయటికి పోకుండా ఒంట్లో ఉండిపోతే దాన్ని పలచన చేయడానికి దాదాపు ఒక లీటరు నీరు చేరాల్సిందే. దాహం రూపంలో శరీరమే ఆ నీటిని అడుగుతుంది. రోజుకు 8 గ్రాముల చొప్పున రెండు రోజులకు రెండు లీటర్లు, అంటే రెండు కిలోల బరువు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువును డ్రై వెయిట్ అంటారు. అది 55 కిలోలు ఉన్న మనిషికి రెండు డయాలసిస్‌ల మధ్య పెరుగుదల నాలుగు శాతం లోపు, అంటే 2.2 కిలోల లోపు ఉంటే మేలంటారు. వంటింటి ఉప్పే ఆ హద్దు దాకా తీసుకొచ్చేసింది.

ఇప్పుడు ఆ ఇంట్లో మాటలు వినండి. "నీళ్లు తగ్గించు నాన్నా, డాక్టరు చెప్పింది మర్చిపోయావా?" అని కొడుకు, కూతురు, చూడవచ్చిన బావ, అందరూ అంటారు. గ్లాసు ఆయన చేతిలో ఉంది కాబట్టి తప్పు ఆయనదిగా కనపడుతుంది. ఆ దాహం పొద్దున వండిన పప్పుచారులోంచి వచ్చిందని ఎవరికీ తట్టదు. నోరు కట్టుకోమనే మాటకు ముందు వంటింట్లో చెంచా మారాలి. అది మారిందో లేదో ఆ ప్యాకెట్ ఎన్ని రోజులు వచ్చిందో చూస్తే చాలు.

మరి ఇంట్లో అందరూ చప్పిడి తినాలా? అక్కర్లేదు. కూరలో ఉప్పు వేయకముందే ఆయన వంతు పక్కకు తీసి, కొలత చెంచాతో కొంచెమే వేసి, మిగిలిన గిన్నెలో మామూలుగా వేసుకునే ఇళ్లు ఉన్నాయి. ఇందులో ఇంకో చిక్కుంది. పక్కన ఘుమఘుమలాడే కూర ఉండగా చప్పిడి గిన్నె ముందు కూర్చోవడం రోజూ చిన్న అవమానంలా అనిపిస్తుంది కొంతమందికి. అందుకే కొన్ని ఇళ్లలో అందరికీ తక్కువ ఉప్పుతో వండి, కావాల్సినవాళ్లు పైన చల్లుకుంటారు. మొదటి పది, పదిహేను రోజులు సణుగుడు ఉంటుంది. తర్వాత నాలుక అలవాటు పడుతుంది. రెండు పద్ధతుల్లో ఏది నిలుస్తుందన్నది ఇంటిని బట్టే.

డయాలసిస్ మొదలయ్యాక తిరగబడే నియమం

కిడ్నీ జబ్బు ఉన్నా డయాలసిస్ దాకా రానివాళ్లకు మాంసకృత్తులు మితంగా ఉండాలంటారు. 2024లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో జబ్బు మూడో దశ నుంచి ఐదో దశ వరకు ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు అని ఉంది. 55 కిలోల మనిషికి 44 గ్రాములు. డయాలసిస్ ఎక్కాక లెక్క మారిపోతుంది. రక్తం శుద్ధయ్యేటప్పుడు మాంసకృత్తుల ముక్కలు కూడా కొంత పోతాయి కాబట్టి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. అదే మనిషికి 55 నుంచి 66 గ్రాములు. తేడా పది నుంచి ఇరవై గ్రాములు. ఒక గుడ్డులో సుమారు ఆరు, వంద గ్రాముల చేపలో సుమారు ఇరవై ఉంటాయని పెట్టుకుంటే, నిన్నటిదాకా తగ్గించమన్న గుడ్డు, చేప ముక్క నేటినుంచి మందులాంటివి.

ఈ మలుపు గురించి రోగికి చెప్పినంత గట్టిగా ఇంట్లోవాళ్లకు చెప్పరు. మూడేళ్లు కష్టపడి "పప్పు తగ్గించు, గుడ్డు మానెయ్" అని కాపలా కాసిన భార్య డయాలసిస్ మొదలయ్యాక కూడా అదే కాపలా కాస్తుంది. ఆమె దృష్టిలో జబ్బు ముదిరింది కాబట్టి పథ్యం ఇంకా గట్టిగా ఉండాలి. మనిషి చిక్కిపోతాడు, నీరసపడతాడు. నీరసం చూసి ఇంకా భయపడి ఇంకొన్ని మాన్పిస్తారు. శ్రద్ధ ఎంత ఎక్కువైతే నష్టం అంత ఎక్కువయ్యే పరిస్థితి ఇది. సమాచారం పాతబడిందన్న సంగతి తప్ప ఆ ఇంట్లో ఇంకే లోపమూ లేదు.

లో సోడియం ఉప్పు కథా ఇలాంటిదే. మామూలు ఉప్పు బదులు పొటాషియం కలిసిన ఉప్పు వాడితే బీపీకి మంచిదని 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఈ సూచన వర్తించదని అందులోనే ఉంది. మొదటి సగం చదివిన కొడుకు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి ఇంటికి పంపిస్తాడు. సోడియం తగ్గుతుంది, పొటాషియం పెరుగుతుంది.

ఆదివారం, చేపల పులుసు, రెండు రోజుల విరామం

వారానికి మూడు డయాలసిస్‌లు చేయించుకునేవాళ్లలో కొందరిది సోమ, బుధ, శుక్రవారాల వంతు, కొందరిది మంగళ, గురు, శనివారాలది. రెండింట్లోనూ మధ్యలో ఒక పెద్ద విరామం వస్తుంది, రెండింట్లోనూ ఆదివారం అందులోనే పడుతుంది. అమెరికాలో 32 వేల మందికి పైగా డయాలసిస్ రోగుల వివరాలు పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ పెద్ద విరామం తర్వాతి రోజున మరణాలు, ఆసుపత్రిలో చేరికలు మిగతా రోజుల కన్నా ఎక్కువగా కనిపించాయి. మన దగ్గర ఆ విరామంలోనే పిల్లలు ఇంటికొస్తారు, నీచు వండుతారు, పెళ్లిళ్లు, తద్దినాలు తగులుతాయి.

నెల్లూరు చేపల పులుసునే తీసుకుందాం. కిడ్నీ రోగి ఉన్న ఇంట్లో దీన్ని మొత్తంగా నిషేధించేవాళ్లు ఉన్నారు, "చేప మంచిదే కదా" అని గిన్నెడు పోసేవాళ్లూ ఉన్నారు. విడదీసి చూస్తే సంగతి తేలిక. ముక్క డయాలసిస్ మనిషికి కావాల్సిన మాంసకృత్తులే. గొడవంతా పులుసుది. చింతపండులో పొటాషియం బాగా ఎక్కువ, టమాటా, మామిడికాయ ముక్కలు దానికి తోడు. ముక్కకు పట్టాలని ఉప్పు రెండుసార్లు పడుతుంది. అన్నంలో కలిపిన పులుసు నీటి లెక్కలోకి వస్తుందన్న ఆలోచన కూడా చాలామందికి ఉండదు. రోగి వంతు ముక్కలను ఉప్పు తగ్గించి విడిగా పెనం మీద వేయించి, పులుపు కోసం నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే తినాలన్న ఆశ చాలావరకు తీరుతుంది. పొదలకూరు నిమ్మకాయలకు పేరున్న జిల్లా ఇది, కొరత ఉండదు. ఎండు చేపల సంగతి వేరు. వాటిలో ఉప్పు నిండా ఉంటుంది, విడదీసే దారి లేదు.

ఇలా విడదీసి చెప్పడం ఆ ఇంటి వంట తెలిసిన మనిషి చేయగలిగిన పని. అచ్చు వేసిన కాగితంలో "చేప: పరిమితంగా" అని ఉంటే ఆ మాటతో పొయ్యి దగ్గర ఎవరూ ఏమీ చేయలేరు.

పరిశోధనలు ఎంతవరకు చెప్తున్నాయి

తోడు ఉంటే వైద్య సలహా పాటించడం నిజంగా మెరుగవుతుందా అన్న ప్రశ్న మీద 2004లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. 1948 నుంచి 2001 వరకు వచ్చిన 122 అధ్యయనాలను కలిపి చూశారు. రకరకాల జబ్బులు అందులో ఉన్నాయి, కిడ్నీ ఒక్కటే కాదు. కలిసికట్టుగా ఉండే కుటుంబాల రోగుల్లో చికిత్స పాటించడం 1.74 రెట్లు ఎక్కువగా, గొడవలుండే కుటుంబాల రోగుల్లో 1.53 రెట్లు తక్కువగా తేలింది. పెళ్లయి ఉండటం, ఎవరితోనైనా కలిసి ఉండటం కూడా కొంత పనిచేసింది గానీ అంతంత మాత్రమే. అన్నిటికన్నా బలంగా ముడిపడింది చేతులతో చేసే సాయం, అంటే వండిపెట్టడం, తీసుకెళ్లడం, గుర్తుచేసి మాత్ర అందించడం లాంటివి.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. రెండూ కలిసి కనిపించాయన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని కాదు. పథ్యం బాగా పాటించే మనిషికి ఇంట్లోవాళ్లు ఇంకా ఉత్సాహంగా సాయం చేస్తుండవచ్చు. డబ్బు, చదువు ఉన్న ఇళ్లలో రెండూ ఉండవచ్చు. పైగా పథ్యాన్ని కొలవడమే కష్టం. బరువు చూస్తే ఉప్పు, నీటి సంగతి తెలుస్తుంది. రక్తంలో పొటాషియం పెరిగిందంటే తిండి వల్లేనని చెప్పలేం, మలబద్ధకం ఉన్నా, కొన్ని బీపీ మాత్రలు వాడుతున్నా, డయాలసిస్ ఒకసారి తప్పినా పెరుగుతుంది. నివేదిక చూసి "ఏం తిన్నావో చెప్పు" అని నిలదీసేముందు ఇది గుర్తుండాలి.

సాయం కాపలాగా మారినప్పుడు

ఇంతవరకు చెప్పింది సాయం సరిపోని చోట్ల గురించి. సాయం మితిమీరే ఇళ్లూ ఉన్నాయి. ఫ్రిజ్‌కు తాళం వేస్తారు, గ్లాసు గ్లాసుకూ లెక్క అడుగుతారు, చుట్టాల ముందే "ఈయనకు పెట్టొద్దు" అని కంచంలోంచి తీసేస్తారు. అరవై ఏళ్లు ఇంటిని నడిపిన మనిషి చిన్నపిల్లాడైపోతాడు. కొన్నాళ్లకు బస్టాండ్ దగ్గర హోటల్లో కారం దోశ తిని, మూతి తుడుచుకుని ఇంటికొస్తాడు. ఇంట్లో తిని ఉంటే ఉప్పు ఎంతో ఎవరికైనా తెలిసేది. దొంగచాటున తిన్నదానికి లెక్క లేదు, డాక్టరుకు కూడా చెప్పడు.

మనస్తత్వ శాస్త్రంలో సాయాన్నీ, అదుపు చేయడాన్నీ వేరుగా చూసేది ఇందుకే. చేసేవాళ్లకు రెండూ ఒకటిగానే అనిపిస్తాయి, అందుకునేవాళ్లకు కాదు. నిర్ణయం ఎవరి చేతిలో మిగిలింది అన్నది తేడా. "మధ్యాహ్నం పెళ్లికి పోవాలి గదా, పొద్దున టిఫిన్ ఉప్పు లేకుండా చేయనా?" అని అడిగితే ఆ మనిషి తన రోజును తనే సర్దుకుంటాడు. "పెళ్లికి పోయినా అక్కడ ముద్ద ముట్టొద్దు" అంటే పెళ్లికే పోడు, లేదా పోయి అంతా తింటాడు.

డయాలసిస్ సెంటర్లో ఏర్పడే స్నేహాలకూ ఈ రెండు ముఖాలున్నాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు పక్కపక్కన పడుకునేవాళ్లకు ఒకరి బాధ ఇంకొకరికి అర్థమైనట్టు ఇంట్లోవాళ్లకు కూడా అర్థం కాదు. దాహం వేస్తే ఐసు ముక్క చప్పరించడం, మాత్రలను చిన్న గుటకతో మింగడం లాంటివి అక్కడే నేర్చుకుంటారు. "మిషన్ ఎక్కిన మొదటి గంటలో ఏం తిన్నా కొట్టుకుపోద్ది" అన్న మాటా అక్కడే పుడుతుంది. తిన్నది అరిగి రక్తంలోకి రావడానికి గంటలు పడుతుంది కాబట్టి అందులో చాలా భాగం మిషన్ దిగాకే చేరుతుంది. కానీ చెప్పింది తనలాంటి రోగే కాబట్టి ఆ మాటకు డాక్టరు మాట కన్నా బరువెక్కువ.

జబ్బు ఇంటావిడకు వస్తే

పై ఉదాహరణల్లో చాలావరకు రోగి మగవాడు, వండేది ఆడమనిషి. కావాలనే అలా రాశాను, ఎందుకంటే మన మాటల్లో "కుటుంబ సహకారం" అంటే మనసులో మెదిలేది ఆ బొమ్మే. తిరగేసి చూడండి. అత్తకో, భార్యకో డయాలసిస్ మొదలైంది. మూడు రోజులు పొద్దున్నే లేచి వండిపెట్టి బస్సెక్కుతుంది, సాయంత్రం సోలిపోయి వచ్చి మళ్లీ వండుతుంది. తనకోసం కూరగాయలు చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, విడిగా తాలింపు వేసుకునే ఓపిక ఆమెకు మిగలదు. "నా ఒక్కదానికి వేరే వంటెందుకులే" అని అందరిదే తింటుంది. కొన్ని ఇళ్లలో చివర మిగిలిందే తింటుంది. మిగిలేది అన్నం, పులుసు, పచ్చడి. గుడ్డు, చేప ముక్క అప్పటికే అయిపోయి ఉంటాయి.

ఆమె పథ్యం తప్పిందని రాసుకునే డాక్టరు కాగితంలో ఇదంతా ఉండదు. ఇంట్లో మగవాళ్లు ఎవరైనా వారానికి నాలుగు పూటలు పొయ్యి దగ్గర నిలబడితే ఆ కాగితం మీద అంకెలు మారతాయని నా నమ్మకం. దాన్ని నమ్మకమనే చెప్తున్నాను.

నీళ్ల మీద పడే అనుమానం

ఈ ప్రాంతంలో కిడ్నీ మాట వస్తే వెంటనే నీళ్ల మాట వస్తుంది, దానికి చరిత్ర ఉంది. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయే జబ్బు గురించి మన దేశంలో 1937లో వచ్చిన తొలి వైద్య నివేదిక అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరులోనే ఉండేవి. ఫ్లోరైడ్‌ను బయటికి పంపేదీ కిడ్నీయే కాబట్టి అది దెబ్బతిన్న మనిషి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుంది. మంచినీళ్లు కొనుక్కోవడం దండగ కాదు. అయితే దేశంలో ఎక్కువ కిడ్నీ జబ్బులకు మూలం షుగర్, బీపీ. కీళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మింగే మాత్రలూ కిడ్నీని దెబ్బతీస్తాయి. కారణమంతా నీళ్లలోనే ఉందని తీర్మానించుకున్న ఇంట్లో క్యాన్ నీళ్లకు డబ్బులు పెడతారు గానీ ఉప్పు డబ్బా వైపు చూడరు. "మా ఊరి నీళ్లే అంత" అన్న మాట ఊరంతా కలిసి ఇచ్చే ఒక రకం ఓదార్పు. దానివల్ల మనసు కొంత తేలికపడుతుంది, పథ్యం మాత్రం సడలుతుంది.

ఎవరి బాధ్యత అన్న దగ్గర మూడు వాదాలు

పథ్యం చివరికి రోగి క్రమశిక్షణేనని చాలామంది డాక్టర్ల వాదం. అందులో బలం ఉంది. తోడు ఎంత ఉన్నా గ్లాసు ఎత్తేది ఆ చెయ్యే, ఒంటరిగా ఉండి చక్కగా నడుపుకునేవాళ్లూ ఉన్నారు. బాధ్యత పూర్తిగా ఇంటి మీదికి తోస్తే అలిసిపోయిన భార్య మీద ఇంకో నింద పడుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇంటిని పక్కనపెట్టి వ్యవస్థను చూడమనేది రెండో వాదం. ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్ ఉచితం, డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను వస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంతో ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చాక, రోగి గానీ తోడుగా వెళ్లే మనిషి గానీ ఆడవాళ్లయితే ఆ ఖర్చు తగ్గింది. ఇవన్నీ చేతి సాయం కిందికే వస్తాయి, కుటుంబం బదులు ప్రభుత్వం చేస్తోంది. కూర్చోబెట్టి ఇంటి వంట గురించి అరగంట మాట్లాడే డైటీషియన్ మాత్రం పెద్ద ఆసుపత్రులు దాటితే దొరకడం కష్టం. పింఛను డబ్బు ఇంటి అప్పులోకి పోతే గుడ్లు కొనేదెవరు అన్న ప్రశ్న కూడా ఈ వాదంలోదే.

మూడో వాదం పథ్యాన్నే ప్రశ్నిస్తుంది. ఉప్పు వద్దు, నీళ్లు వద్దు, పండ్లు వద్దు, పప్పు వద్దు, పాలు వద్దంటే ఎవరు పాటిస్తారు? కూరగాయలు, పండ్లను అందరికీ గంపగుత్తగా నిషేధించడాన్ని ఈమధ్య కిడ్నీ నిపుణులే తప్పుపడుతున్నారు. 2024 మార్గదర్శకాలు మొక్కల నుంచి వచ్చే తిండి వాటా పెంచి, ప్యాకెట్ తిండి తగ్గించమన్నాయి. ఈ వాదం పట్ల నాకు మొగ్గు ఎక్కువ. ఇంట్లోవాళ్లు మోయగలిగేది రెండు, మూడు నియమాలే. అవేవో ఆ మనిషి రక్త పరీక్ష చూసి ఎంచితే మిగతావాటి మీద గొడవ తగ్గుతుంది. అయితే పొటాషియం ప్రమాదకరంగా పెరిగిన మనిషి ఈ మాట విని బోండాం తాగితే ప్రాణం మీదికొస్తుంది. ఎవరికి సడలించాలో తేల్చేది పరీక్షే.

ఇంట్లో వండేవాళ్లే లేకపోతే

పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో స్థిరపడి, జంటలో ఒకరు పోయి, మిగిలినవాళ్లు ఒంటరిగా డయాలసిస్‌కు తిరగడం మన పల్లెల్లో కొత్త కాదు. వీళ్ల తిండి మెస్సులో, హోటల్లో, ఊళ్లో ఉంటే అన్న క్యాంటీన్‌లో. ఐదు రూపాయలకు కడుపు నిండుతుంది గానీ సాంబారులో ఉప్పు ఎంతో వీళ్ల చేతిలో లేదు. వీళ్లకు ఫోన్‌లో రోజూ వచ్చే "తిన్నావా నాన్నా?" అన్న పలకరింపు మనసుకు మేలే. అదే ఫోన్‌లో "బరువెంతుంది?" అని అడిగి రాసిపెట్టుకుంటే ఇంకాస్త ఉపయోగం, ఎందుకంటే రెండు కిలోలకు పైగా పెరిగిందని తెలిసిన రోజున సెంటర్‌కు ఫోన్ చేయగలరు. డబ్బు పంపే కొడుకు నెలకోసారి డాక్టరుతో నేరుగా మాట్లాడితే దశ మారిందా, నియమం మారిందా అన్నది తెలుస్తుంది. మూడు పూటలా హోటల్ తప్పనివాళ్లు చేయగలిగింది కొంచెమే. సాంబారు, రసం, పచ్చడి, అప్పడం వద్దని, అన్నంలోకి పొడికూర, ఉడకబెట్టిన గుడ్డు అడగొచ్చు. ఇడ్లీకి చట్నీ కొంచెమే వేయించుకోవచ్చు. తెలిసిన మెస్సు అయితే ఉప్పు వేయకముందు ఒక గిన్నె పక్కకు తీయమనొచ్చు. నెల డబ్బులు ముందే కట్టేవాళ్లు అడిగితే సాధారణంగా తీస్తారు.